కిటికీకి వీపు పెట్టిన బోర్డు

స్కోరుబోర్డు బరువు నూట నలభై కిలోలు. దాన్ని ట్రాలీలోంచి దించడానికి ఊళ్లోంచి పదకొండు మంది వచ్చారు. అందులో తొమ్మిది మంది సలహాలిచ్చారు. మోసింది తండా వెల్డర్ బలరాం, అతని మేనమామ సోమ్లా.

కారేపల్లి దాటాక అడవి అంచున, హైస్కూలు వెనక ఉంది ఆ వాలీబాల్ గ్రౌండు. బోర్డు నెత్తిన ఎర్ర లైట్లతో ‘జయప్రకాశ్ జ్ఞాపకార్థం’ అని రాయించారు. జయప్రకాశ్ బలరాం పక్కన ఆడేవాడు. ఎనిమిది నెలల కింద భద్రాచలం రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు. అప్పట్నుంచి వాళ్లమ్మ నిర్మలాదేవి మేడ మీది కిటికీ వదల్లేదు. ఆ మేడ గ్రౌండుకు పడమటి వైపు.

జయప్రకాశ్ తండ్రి వెంకటరామారావును వాస్తు పట్టుకుంది. ఇంటి గేటు నాలుగుసార్లు మార్చాడు. దారి దొరక్క వాళ్ల కుక్క, పక్కింటి కుక్కగా స్థిరపడిపోయింది.

గుంటల్లో స్తంభాలు నిలబెట్టి కాంక్రీటు పోస్తుంటే ఆయన వచ్చి, “తూర్పు మొహమే ఉండాలి,” అన్నాడు.

“పొద్దుగాల ఎండ సక్కగ మొహానికే కొడతది సారూ. అంకెలు దేవునికి గూడ కనబడవ్,” అన్నాడు సోమ్లా. “గట్టిపడినంక తిప్పమంటే గ్రౌండునే తిప్పుకోవాలె.”

“నువ్వు మాలు కలుపు మామా,” అని బలరాం ఆయన దగ్గరికొచ్చాడు. “తూర్పుకు పెడితే మేడకు వీపే కనబడతది సారూ. అమ్మను పేరన్న చూసుకోనియ్యిన్రి.”

వెంకటరామారావు చెప్పుతో కంకర రాయిని అటూ ఇటూ దొర్లించాడు.

“వాస్తు కాదురా. చూడకూడదనే. అన్నం కూడా ఆ కిటికీ దగ్గరే తింటోంది. అక్కడికే వాడి పేరు వెలిగితే ఇంక మెట్లు దిగదు. వీపు కనబడితే, చూద్దామనైనా కిందికొస్తుందేమో.”

బలరాం మామను పిలిచాడు. ఇద్దరూ కలిసి బోర్డును తూర్పుకు తిప్పారు.

మూడో రోజు సాయంత్రం కరెంటిచ్చారు. పేరు వెలిగింది. దాని కింద రెండు వైపులా సున్నాలు. గ్రౌండులో ఆడేవాళ్లెవరూ లేరు, నెట్టు కూడా కట్టలేదు. ముగ్గురూ మేడ గేటు వైపే చూస్తూ నిలబడ్డారు. గేటు తెరుచుకోలేదు.

కిటికీలోంచి నిర్మలాదేవి గొంతు వినపడింది. “ఏవండీ, స్కోరెంత?”

“కిందికి రా, చూద్దువుగాని!”

“మీరే చెప్పండి.”

వెంకటరామారావు సున్నాలకేసి చూశాడు.

“ఇరవై ఐదు, పంతొమ్మిది. మనవాళ్లే గెలిచారు!”

“మనవాడు ఆడాడా?”

“ఆడాడు.”

కిటికీ రెక్క మూసిన చప్పుడైంది. ఆయన అక్కడే ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు.

“గిప్పుడేం జేద్దాంరా?” అన్నాడు సోమ్లా మెల్లగా.

బలరాం జేబులోంచి రిమోట్ తీశాడు. నొక్కుకొక్క పాయింటే ఎక్కుతుంది. ఒకటి, రెండు, మూడు. ఇరవై ఐదు వచ్చేదాకా ఎవరూ కదల్లేదు.