మాట మార్చని చేతులు

"నీ చేతులు ఖాళీయేనా?"

ఈ ఇంట్లో మా ఆయన ఏ పని చెప్పాలన్నా ముందు అడిగే మాట ఇదే. ఆ శనివారం మధ్యాహ్నం కూడా వంటింటి గుమ్మంలో నిలబడి అదే అడిగారు. సింకు నిండా గిన్నెలు, మోచేతుల దాకా నురగ. ఖాళీ లేవని చూసిన కళ్లకు తెలుస్తుంది. కానీ అది ప్రశ్న కాదు. పని రాబోతోందని ముందుగా మోగే గంట.

"అమ్మకి చెప్పు. రేపు చర్చిలో స్వస్థత కూడికప్పుడు పాస్టరు అయ్యగారు తనని వేదిక మీదికి పిలుస్తారు. దానికోసం చేస్తున్న ఉపవాసం మాత్రం మధ్యలో మానొద్దని చెప్పు. ప్రార్థన అయ్యాక అమ్మ ఏదో సైగ చేస్తుంది కదా, అది నువ్వు మైకులో చెప్పాలి."

"ఏమని చెప్పాలి?"

"ఏమనేముంది? వినపడిందని."

"వినపడకపోతే?"

నా ముందున్న కుళాయిని ఆయనే చెయ్యి చాపి కట్టేశారు, నా మాటను కట్టేసినట్టు. "చూడు, రేపే నన్ను సంఘ పెద్దగా ప్రకటిస్తున్నారు. మన ఇంట్లోనే చెవుడు పెట్టుకుని నలుగురికి నేనేం చెబుతాను? నీ అనుమానాలు నీ దగ్గరే ఉంచుకో" అని, రెండు చేతులూ జేబుల్లో దోపుకుని వెళ్లిపోయారు.

నా చేతులు నీళ్లలో ఉన్నంతసేపూ మా అత్తయ్యకు ఈ ఇంట్లో మాట్లాడే మనిషి ఉండదు. మూడేళ్ల వయసులో వచ్చిన జ్వరం ఆవిడ వినికిడిని పట్టుకుపోయింది. ఆవిడ భాష చేతుల్లో ఉంది. ఆ భాషలో మనుషుల పేర్లు పలకరు, గాలిలో గీస్తారు. నా పేరు, వేళ్లు విదిలించి నీళ్లు చిలకరించడం: తడిచేతులు. గిన్నెల దగ్గరి నుంచి పరుగున వచ్చి, తడైనా తుడుచుకోకుండా మాట్లాడతానని పెట్టిన పేరు. మా ఆయన పేరు, రెండు పిడికిళ్లూ నడుము పక్కన దోపుకోవడం: జేబులు. బడి నుంచి వస్తుండగా తల్లి ఎదురైతే, స్నేహితుల ముందు ఆమెతో సైగలు చేయాల్సి వస్తుందని, ఆ పిల్లవాడు చేతులు జేబుల్లో దాచుకునేవాడట. ఈ సంగతి అత్తయ్య నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేకపోయాను.

పెళ్లి మాటలప్పుడు "మా అమ్మతో ఓపిగ్గా ఉండే మనిషి కావాలి" అన్నారు. ఓపిక అంటే ఒక భాష అని అప్పుడు నాకు తెలియదు. బైండింగ్ షాపులో పని ముగించుకుని, బధిరుల బడిలో సాయంత్రాలు కూర్చుని, ఒక్కొక్క వేలునూ వంచి నేర్చుకున్నాను. మీరూ రండి అంటే, "ఇంట్లో ఒకరికి వస్తే చాలదూ?" అన్నారు. ఆ ఒకరు నేనయ్యాను. కొన్నాళ్లకు షాపు పని కూడా మానేయమన్నారు, అమ్మకి ఎప్పుడే అవసరం వస్తుందోనని. డాక్టరు దగ్గర నేను, బ్యాంకులో నేను, చుట్టాల మధ్య నేను. ఆదివారం చర్చిలో ముందు బల్లకు ఎదురుగా నిలబడి ప్రసంగమంతా చేతులతో చెప్పేదీ నేనే. మైకు చూసుకునే అతనికి కుర్చీ ఉంది. డ్రమ్ము వాయించే అతనికి కుర్చీ ఉంది. "నిలబడితేనే కదమ్మా నువ్వు కనిపించేది" అన్నారు పెద్దలు నాతో. ఇంట్లో చేస్తే బాధ్యత, చర్చిలో చేస్తే సేవ. భుజాలకు మాత్రం రెండు చోట్లా ఒకటే నొప్పి.

అయినా ఆ నొప్పిని ఇష్టంగా మోసిన రోజులున్నాయి. పాత పాస్టరుగారు ఉన్న రోజులవి. అత్తయ్య భాషలో ఆయన పేరు గొడుగు. ఎండకీ వానకీ గొడుగు లేకుండా కనిపించేవారు కాదు. ముసలితనంలో అత్తయ్య దగ్గరే సైగలు నేర్చుకున్నారు. ఒకసారి, దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు అనబోయి దేవుడు నిన్ను ఉడకబెడుతున్నాడు అని చెప్పారు. అత్తయ్య బల్ల మీద చరిచి చరిచి నవ్వింది. ఆయనా నవ్వారు. ఆయన పోయాక వచ్చిన కొత్త పాస్టరుకు అత్తయ్య మొదటి ఆదివారమే పేరు పెట్టింది. జుట్టు మీదుగా వేళ్లు వెనక్కి లాగడం: దువ్వెన.

దువ్వెన బోధ మెల్లగా మొదలైంది. మొదట, నమ్మితే దేవుడు బాగు చేస్తాడన్నాడు. ఎవరు కాదంటారు? తర్వాత, నిజంగా నమ్మినవాడికి రోగమే ఉండదన్నాడు. ఆ తర్వాత, రోగం ఉన్న ఇంట్లో దాచిన పాపం ఉందన్నాడు. వేదిక పక్కన ఒక బల్ల వేయించి, బాగుపడిన వాళ్లు తమ కర్రలూ మందుసీసాలూ దాని మీద వదిలి వెళ్లాలన్నాడు. మా వీధి చివరి టైలరమ్మ, పాటలు మొదలవగానే అందరికంటే ముందు గొంతెత్తే మనిషి, ఏడుస్తూ వెళ్లి తన కళ్లద్దాలు ఆ బల్ల మీద పెట్టి వచ్చింది. మర్నాటి నుంచి సూదిలోకి దారం ఎక్కలేదు. వేలి కొసలన్నీ సూదిపోట్లు. అద్దాలు తిరిగి అడగడానికి సిగ్గు, తన నమ్మకమే దొంగదని దిగులు; చర్చికి రావడం మానేసింది. ఒక్కరూ వెళ్లి పలకరించలేదు. పలకరిస్తే పాపం అంటుకుంటుందేమోనని.

ఆ ఆదివారాల్లో నా చేతులు మరో ప్రసంగం చెప్పడం మొదలుపెట్టాయి. అతను పాపమంటే నేను దయ అన్నాను. అతను శాపమంటే నేను ఓదార్పు అన్నాను. మా అత్తయ్యను మూడేళ్ల పిల్లప్పటి జ్వరానికి దోషిగా నిలబెట్టే ఆ మాటలు నా వేళ్ల మీదుగా ఆవిడను చేరడం నాకు ఇష్టం లేదు. నా చేతులు గోడ అనుకున్నాను.

గిన్నెలు ముగించి, చేతులు తుడుచుకుని అత్తయ్య గదిలోకి వెళ్లాను. కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉంది. ఉపవాసంతో పెదవులు ఎండిపోయాయి. మా ఆయన చెప్పమన్నది చెప్పాను. చివరిదాకా చూసింది. తర్వాత ఆవిడ చేతులు నెమ్మదిగా లేచాయి.

"పొద్దున్నుంచి వెతుక్కుంటున్నాను. మూడేళ్ల పిల్లని. ఏ పాపం చేసుంటాను?"

"మీకా సంగతి ఎవరు చెప్పారత్తయ్యా?"

"దువ్వెనే చెప్పాడు."

"నేను అలా చెప్పలేదు కదా!"

"నువ్వు చెప్పలేదు. నీ చేతులు దయ అంటూనే ఉన్నాయి. నేను అతని ముఖం చూశాను. దయ అని చెప్పేవాడి ముఖం అలా ఉండదు."

తలెత్తలేకపోయాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని పైకెత్తింది. వినపడని వాళ్ల దగ్గర తల దించుకోవడమంటే తలుపు మూసేయడమే. అప్పుడు మెల్లగా, ఇన్నేళ్లుగా మేము రోజూ చేసే సైగ చేసింది. కుడి నడిమివేలు కొసతో ఎడమ అరచేతి మధ్యను తాకడం, ఎడమ నడిమివేలితో కుడి అరచేతిని తాకడం. మేకులు దిగిన చోట్లు. యేసు పేరు మా భాషలో అదే. అయితే ఈసారి వేలు తీయలేదు. అరచేతిని అలాగే చూస్తూ ఉండిపోయింది.

"చనిపోయి తిరిగి లేచాక కూడా ఈ గుర్తులు ఉంచుకున్నాడు. తుడిచేసుకోలేదు. స్నేహితులకు చూపించాడు" అంది. ఎండిన పెదవుల చివర నవ్వు మెరిసింది. "దువ్వెన ఆ రోజు ఉండుంటే ఆయన్ని కూడా వేదిక మీదికి పిలిచేవాడు. ఏమయ్యా, ఇంకా మానలేదా, నీ విశ్వాసం ఏమైంది అని."

నాకూ నవ్వొచ్చింది, నవ్వుతోనే ఏడుపూ వచ్చింది. "వదిలేద్దాం అత్తయ్యా. ఈ చర్చికే వెళ్లొద్దు. ఇంట్లోనే ప్రార్థన చేసుకుందాం."

"అతనొచ్చాడని నా ఇల్లు నేను ఖాళీ చెయ్యాలా?" ఆవిడ చేతులు గట్టిగా గాలిని కోశాయి. "రేపు వెళ్తాను. కానీ ఒక్కటి. నా కోసం అతని మాట మార్చావు. ఊరుకున్నాను. వాళ్ల కోసం నా మాట మార్చకు."

సరేనని తల ఊపాను. తల ఊపడం తేలిక. వంటింట్లోకి వచ్చి ఆవిడకు జావ కాచాను. ఉపవాసం మానిపించానని రాత్రికల్లా ఆయనకు తెలుస్తుంది. రేపటి సంగతి ఊరంతటికీ తెలుస్తుంది. ఆయన పెద్దరికం పోతే ఆ నింద ఎన్నేళ్లు అన్నంతోపాటు నా పళ్లెంలో వడ్డిస్తారో నాకు తెలుసు. భర్త ముందు మాట్లాడటమే రాని దాన్ని, భర్తకు ఎదురుగా, మైకులో. దేవుడా, నాకు ఇచ్చినవి చేతులే కదా, గొంతు ఎప్పుడిచ్చావు?

ఆదివారం హాలు కిటకిటలాడింది. కొత్తగా వేసిన చెక్క వేదిక మీదికి అత్తయ్యను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. చెప్పులు కింద విడిచి ఎక్కాం. దువ్వెన ఆవిడ రెండు చెవుల్లో వేళ్లు పెట్టి, నుదుటి నరాలు ఉబ్బేలా అరిచాడు. పాటలు ఆగిపోయాయి. అతను వేళ్లు తీసి, ఆవిడ వెనుక ఉన్న డ్రమ్ము వైపు కళ్లతో సైగ చేశాడు. ఒక్క దెబ్బ పడింది.

అత్తయ్య గిరుక్కున వెనక్కి తిరిగింది.

హాలు ఒక్కసారిగా లేచి నిలబడింది. "విన్నది! అమ్మ విన్నది!" అని దువ్వెన కేక. చప్పట్లు, స్తోత్రాలు, ఏడుపులు. నాకు మాత్రం తెలుసు. ఇంట్లో నేను తలుపు వేసినా, ముంత జారినా, మా ఆయన కోపంగా నడిచినా అత్తయ్య అలాగే తిరుగుతుంది. ఆవిడకు నేల చెబుతుంది. చెక్క పలకల మీద, ఉత్త పాదాలతో నిలబడిన మనిషి వెనుక అంత డ్రమ్ము మోగితే తిరగదా!

"అడుగు సిస్టర్, ఏం విన్నదో అడుగు! సాక్ష్యం చెప్పించు!" మైకు నా చేతిలో పెట్టాడు.

అడిగాను. అత్తయ్య నా వైపే చూస్తూ చెప్పింది. తొందర లేదు, తడబాటు లేదు. అంతమందిలో ఆ భాష తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇక్కడ ఏం చెప్పినా చెల్లుతుంది. వినపడిందంటే చాలు, ఇంట్లో పండగ. నాకు కుర్చీ కూడా వేస్తారేమో.

ముందు వరుసలోంచి మా ఆయన ఒక అడుగు ముందుకు వేశారు. జేబుల్లోంచి చేతులు బయటికి తీశారు. చూపుడువేలు చెవికి తాకించి, ఆ చేతినే నా వైపు తెరిచి, తర్వాత రెండు అరచేతులూ ఛాతీ ముందు కలిపారు. వినపడిందని చెప్పు, బతిమాలుతున్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాతో చేసిన మొదటి సైగ. అందులో ఒక్క తప్పు లేదు. తల్లి ఒళ్లో నేర్చుకున్న భాష, ఎప్పుడో మరిచిపోయానన్న భాష, ఆయనకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

నా భయం పోయింది. ఎందుకో తెలియదు, అప్పుడే పోయింది.

"అత్తయ్య ఇలా అంటున్నారు" అన్నాను మైకులో. "పలకలు అదిరాయి, పాదాలకు తెలిసింది. చెవులు ఎప్పటిలాగే ఉన్నాయి. యేసు నన్ను చెవుల్లో పిలవలేదు. అయినా చిన్నప్పటి నుంచి ఆయనతోనే ఉన్నాను. వినపడినా వినపడకపోయినా రేపూ ఉంటాను. మూడేళ్ల పిల్ల పాపం చేసిందని చెప్పేవాళ్లకు ఆయన తెలియడు."

చప్పట్లు ఒక్కొక్కటిగా రాలిపోయాయి. దువ్వెన మైకు లాక్కున్నాడు. "ఇదీ అవిశ్వాసం! ఆ ఇంటికి పట్టిన శాపం ఇదిగో, ఈ కోడలి నోట్లో ఉంది! ఈవిడ వల్లే ఆ తల్లి స్వస్థత ఆగిపోయింది!" వెనుక వరుసల్లోంచి గుసగుసలు లేచాయి. అత్తయ్య నా భుజం తట్టి, ఏమంటున్నాడని అడిగింది. ఎప్పటిలా దయ అనలేదు నేను. అవిశ్వాసం, శాపం, కోడలి నోరు. అందరూ చూస్తుండగా, ఒక్క మాట మార్చకుండా చెప్పాను.

అత్తయ్య చివరిదాకా చూసింది. తర్వాత అతని పక్కగా నడిచి, ఆ బల్ల దగ్గరికి వెళ్లి, కర్రల మధ్య, సీసాల మధ్య వెతికి, దారంతో కట్టిన టైలరమ్మ కళ్లద్దాలు తీసుకుంది. ఎవరూ అడ్డుపడలేదు. నేను వెనకాలే మెట్లు దిగాను.

వీధిలో ముగ్గురం నడుస్తున్నాం. మా ఆయన వెనకాల, దూరంగా. కాసేపటికి దగ్గరికొచ్చారు. కోపం ముఖమంతా ఉంది. అత్తయ్య ఇదేమీ పట్టనట్టు కళ్లద్దాలను చెంగుతో తుడుస్తూ, మధ్యలో ఆగి నాతో చెప్పింది: "ముందు టైలరమ్మ ఇంటికి. వచ్చే ఆదివారం తననీ తీసుకెళ్దాం. ముగ్గురం అదే ముందు బల్ల మీద. నువ్వు కూర్చునే చెప్పు, నాకు కనిపిస్తుంది."

"ఏమంటోంది?" అన్నారు మా ఆయన. నేను ముందుకే నడిచాను. "నిన్నే. అమ్మ ఏమంటోంది?"

ఆయన వైపు తిరిగాను. చేతులు మళ్లీ జేబుల్లో ఉన్నాయి.

"మీరే అడగండి. మీకూ చేతులున్నాయి."