పెదనాన్న వైపు మాట

నలభై రెండు నిమిషాల రికార్డింగులో పెదనాన్న ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు.

నిజానికి ఆయన నోరు తెరిస్తే మూయించడం ఎవరి తరమూ కాదు. ఆ నలభై రెండు నిమిషాల్లో హార్మోనియం మెట్లు ముప్పై ఏడింటికీ ముప్పై ఏడు తీర్పులు చెప్పాడు. మధ్యలో పెద్దమ్మని రెండుసార్లు కేకలేశాడు. తమ్ముడి పనితనాన్ని ఎప్పట్లాగే దులిపి ఆరేశాడు. అదంతా కంప్యూటరు మింగేసి కూర్చుంది. మిగిలింది పిల్లి గొంతొక్కటే. “ఇది?” అని ఒక మాట, వెనకే ఒక స్వరం, చాలాసేపు ఏమీ లేదు, ఆ తర్వాత “ఊఁ”. మళ్ళీ “ఇది?”

నడిస్తే అడుగు చప్పుడు వినపడదని చిన్నప్పుడు ఇంట్లో వాళ్ళు పిల్లి అన్నారు. ఇరవై మూడేళ్ళొచ్చినా ఆ పేరు వదల్లేదు. ఇప్పుడు పిల్లి కుర్చీలో కూర్చుని తన గొంతు తనే వింటూ పళ్ళు కొరుక్కుంటోంది.

నాన్న రేకుల డబ్బా మూత పెడుతూ నవ్వాడు. “గోడతో మాట్లాడినట్టుందే తల్లీ. పోనీ ఆ గోడేమన్నా అందా?”

“నవ్వకు నాన్నా. నాకు ఏడుపొస్తోంది.”

“ఏడు. అది మాత్రం బాగా రికార్డవుతుంది.”

నాన్నది హార్మోనియాలు బాగుచేసే కొట్టు. ఒక గది, ఒక బల్ల, గోడకి ఆనించి చచ్చిపోయిన పెట్టెలు ఏడెనిమిది. వాటి ఒంట్లోంచి తీసిన రీడ్లు, అంటే స్వరం పలికే సన్నటి ఇత్తడి రేకులు, సైజుల వారీగా డబ్బాల్లో ఉంటాయి. చెవి అన్నయ్యది, చెయ్యి నాది అని నాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ చెవి ఆరేళ్ళ కిందట కూతురి దగ్గరికని వేరే ఊరు వెళ్ళిపోయింది. ఇక్కడ మిగిలిన చేతికి రెండేళ్ళుగా పైస్థాయి స్వరాలు వినపడటం మానేశాయి. ఆ సంగతి ఇంటి గడప దాటలేదు. ఏ పెట్టె వచ్చినా పిల్లే విప్పుతోంది, పిల్లే బిగిస్తోంది. బిల్లు మీద మాత్రం నాన్న పేరే.

సంగీతం టీచరమ్మ పెట్టె దగ్గర వచ్చింది చిక్కు. ఇరవై ఏళ్ళ కిందట పెదనాన్న శ్రుతి చేసిన పెట్టె అది. మెట్టుకి రెండు రీడ్లు. పిల్లి ఫోనులో స్వరం కొలిచే యాప్ పెట్టుకుని, రెండింటినీ వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేసి, యాప్ ముల్లు నిటారుగా నిలబడటం ఆమెకి చూపించి మరీ పంపింది. వారం తిరక్కుండా టీచరమ్మ మళ్ళీ మోసుకొచ్చింది. “ముల్లు నిటారుగానే నిలబడిందమ్మా, పాటే పడుకుంది” అంది.

రెండు రీడ్లూ అచ్చంగా ఒక్కటైపోతే ఆ గొంతులో ప్రాణం ఉండదు. వాటి మధ్య ఓ సన్నటి అల ఆడాలి. ఎంత ఆడాలో ఏ ముల్లూ చెప్పదు.

ఆ సాయంత్రమే నాన్న తేల్చి చెప్పేశాడు. “శనివారం టీచరమ్మ వస్తుంది. అన్నయ్య చెప్పింది చెప్పినట్టు చేసి ఆమెచేత ఔననిపించావా, ఈ బల్ల నీది. బోర్డు మీద నీ పేరే రాయిస్తా. లేదా, ఇంటి ఓనరు ఎప్పట్నుంచో ఈ గది అడుగుతున్నాడు, తాళం ఆయన చేతిలో పెట్టేద్దాం. కానీ అన్నయ్య మాట దాటి ఒక్క గీత గీశావో, శనివారం దాకా కూడా ఆగను.”

పిల్లి ఈ కొట్టు తప్ప ఇంకేదీ కోరుకోలేదు. కోరుకుంటున్నానని పైకి అనలేదు కూడా. తలూపింది.

పెదనాన్న ఒకసారి చెప్పింది రెండోసారి చెప్పడు. రాసుకుందామంటే ఒక చెయ్యి గాలి తిత్తికి, ఒక చెయ్యి మెట్టుకి. మూడో చెయ్యి దేవుడివ్వలేదు. అందుకే ఇంటర్నెట్ ఫోను, అందుకే కంప్యూటరు, అందుకే ఈ రికార్డింగు. మంగళవారం గతి ఇదీ.

బుధవారం పొద్దున్నే పక్క కొట్టుకి వెళ్ళింది. కంప్యూటర్లు బాగుచేసే అతన్ని వీధంతా డాక్టరంటారు. పాడైన ఫ్యాను తెచ్చినా సరే “ఆపరేషన్ పడుతుంది” అంటాడు.

“హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నావు కదూ?”

“అవునన్నా. ఆయన మాట సరిగ్గా వినపడాలి కదా.”

“అదే కొంప ముంచింది. ఆయన మాట తిన్నగా నీ చెవిలోకి పోయింది. మైకుకి దొరికింది నీ మాటొక్కటే. పీకి పారేసి స్పీకరు పెట్టు.”

పిల్లి స్పీకరు పెట్టి ఫోను చేసింది. పెదనాన్న మొదటి మాట అనగానే అది గదంతా మోగి, మైకులో దూరి, తిరిగి ఆయన దగ్గరికే వెళ్ళింది.

“ఎవడ్రా అక్కడ నన్ను వెక్కిరిస్తోంది?”

“ఎవరూ లేరు పెదనాన్నా. అది నీ గొంతే.”

“నా గొంతు నాకు తెలీదూ? ఎవడో ముసలాడు. పెట్టెయ్ ముందు!”

వెనక నించి పెద్దమ్మ గొంతు: “ఇన్నాళ్ళకి మీ అరుపులు మీకు వినపడ్డాయన్నమాట. ఆ మిషన్ ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి, మనమూ ఒకటి కొందాం.”

ఆ కాల్ నాలుగు నిమిషాల్లో ముగిసింది. రికార్డింగులో గోలంతా పడింది. పనికొచ్చే మాట ఒక్కటి లేదు.

“ఆపరేషన్ పడుతుంది” అన్నాడు డాక్టరు. గురువారం వచ్చి అరగంట కూర్చుని ఏదో ప్రోగ్రాం ఎక్కించాడు. “ఇదిగో, నీ మైకులో పడేది ఒక దారి. అవతల్నించి వచ్చేది ఒక దారి. రెండు దార్లలోనూ ఇది కాపు కాస్తుంది. నీ మాట పై పట్టీలో, ఆయన మాట కింది పట్టీలో. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా సరే.”

పెదనాన్నని మూడోసారి బతిమాలుకోవాల్సి వచ్చింది. “నేనేమన్నా రేడియోనా, తిప్పినప్పుడల్లా పాడటానికి?” అన్నాడు. మళ్ళీ తనే మెత్తబడి, “సరే కానియ్. ఇదే ఆఖరు” అన్నాడు. ముప్పై ఏడు మెట్లూ అయ్యాయి. పిల్లి రికార్డింగు తెరిచింది. పైన తను, కింద పెదనాన్న. ఇద్దరూ ఉన్నారు. మూడు రోజుల్లో మొదటిసారి ఊపిరి పీల్చుకుంది.

వెంటనే, రికార్డింగులో ఉన్న వరసలోనే, పైస్థాయి కొసనించి పని మొదలెట్టింది. రేకు మొన దగ్గర గీకితే స్వరం పైకెక్కుతుంది. మొదలు దగ్గర గీకితే దిగుతుంది. గీకిన లోహం మాత్రం మళ్ళీ రాదు. ఎన్నిసార్లు గీకితే రేకు అంత పలచనై ఓ రోజు విరిగి ఊరుకుంటుంది. మొదటి మెట్టుకి పెదనాన్న “మొన దగ్గర రెండు గీతలు” అన్నాడు. గీసింది. బిగించి మోగిస్తే అల ఆడటం పోయి వణుకుడు పట్టుకుంది. తనకే అర్థం కాలేదేమో అనుకుంది. రెండోదీ అంతే. మూడోది మరీ ఘోరం, రెండు రీడ్లూ తగువులాడుకుంటున్నాయి. పెద్దచెవి చెప్పింది కదా, చిన్నచెవికేం తెలుసని సర్దుకుంది.

పన్నెండో మెట్టు గురించి ఆయనేమన్నాడో ముందే విందామని రికార్డింగుని ముందుకి జరిపినప్పుడు కనపడింది అది. ఆ మెట్టు దగ్గర హెడ్‌ఫోన్ వైరు తిత్తికి చుట్టుకుని తను గాలి కొట్టలేదు. “ఇది?” అంది, మెట్టు నొక్కింది, స్వరమే పలకలేదు. వైరు గొడవలో పడి అప్పుడు ఆయనన్నది పట్టించుకోలేదు. తెర మీద పై పట్టీ నేలలా చదునుగా ఉంది. దాని కింద పట్టీలో పెదనాన్న గుట్టలా లేచాడు: “కొంచెం బరువుగా ఉంది. మొన దగ్గర ఒక్క గీత.”

ఏది బరువుగా ఉంది?

పిల్లి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే. వైరు విడదీసుకుని మళ్ళీ “ఇది?” అని ఈసారి నిజంగా వాయించిన చోట ఆయన “మొదలు దగ్గర గీకు, ఎక్కువైంది” అన్నాడు. ఒకే మెట్టుకి అర నిమిషంలో రెండు తీర్పులు. ఒకటి ఉత్తరానికి, ఒకటి దక్షిణానికి.

కంప్యూటరు తప్పయితే బాగుండునని మనసారా కోరుకుంది. శుక్రవారం పొద్దున్నే డాక్టరు ఫోనుకి అదే ప్రోగ్రాంలో కాల్ చేసి, అతన్ని వీధి చివర నిలబెట్టి మెట్టు నొక్కింది. “ఖంగుమంటోంది, పక్కన నిలబడి వాయించినట్టుంది” అన్నాడు. కంప్యూటరు నిర్దోషి. పాపం, మూడు రోజులుగా తిట్లు మాత్రం అదే తింది.

నాన్న టిఫిను తినడానికి ఇంటికి వెళ్ళగానే పెదనాన్నకి ఫోను చేసింది. పలకరింపులయ్యాక ఏమీ అనకుండా పైస్థాయి మెట్టొకటి నొక్కి పట్టుకుంది. తర్వాత దాని పక్కది. ఆ పక్కది. ఐదు మెట్లు.

“ఏమ్మా, ఇంకా మొదలెట్టలేదా?” అన్నాడు పెదనాన్న.

ఆయన ఇన్నాళ్ళూ తీర్పు చెప్పింది స్వరానికి కాదు, తన “ఇది?”కి. అన్నదమ్ములిద్దరికీ ఒకే తండ్రి చెవులొచ్చాయి. చిన్నవాడు ఒప్పుకున్నాడు, పెద్దవాడు ఒప్పుకోలేదు. అంతే తేడా.

“కరెంటు పోయేట్టుంది పెదనాన్నా. తర్వాత చేస్తా.”

పెట్టేశాక కోపం కట్టలు తెంచుకుంది. మూడు మెట్ల రేకులు అన్యాయంగా అరిగిపోయాయి. వినపడట్లేదని ఒక్క మాటంటే ఏం పోయేది? ఎవరి మీద అరవాలి? నాన్నతో చెబితే అన్నయ్య చెవి మీద నిలబడ్డ మనిషి నిలువునా కూలిపోతాడు. నమ్మకపోతే మాట దాటావంటాడు. చెప్పకపోతే శనివారం టీచరమ్మ పెట్టె పట్టుకుని పోతుంది, బల్లా పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో ముప్పై ఏడు మెట్లు.

పిల్లి రీడ్ల పలక విప్పింది.

మధ్యాహ్నానికి నాన్న వచ్చి ఎదురుగా స్టూలు వేసుకున్నాడు. “రికార్డింగు పెట్టుకోవేం?”

“గుర్తుంది నాన్నా.”

“గుర్తుండటమేంటి? అంత కష్టపడి పట్టావు కదా. పెట్టు, నేనూ వింటా.”

పెట్టక తప్పలేదు. స్పీకర్లో పెదనాన్న “మొన దగ్గర గీకు, మొన దగ్గర!” అని అరుస్తుంటే, ఆ అరుపుల సందుల్లో వెంట్రుకంత సన్నటి అలని చెవితో వెతుక్కోవాలి. రెండు రీడ్లు కలిసి ఊగుతున్నాయా, కొట్టుకుంటున్నాయా అని చెవి దగ్గరకి చేర్చేలోపు “ఎక్కువైంది!” అని పెదనాన్న గద్దింపు. పిల్లి ఆపుతుంది. నాన్న “ఆపావేం?” అంటాడు. పిల్లి మళ్ళీ పెడుతుంది. ఆయన మొన అన్నప్పుడు తను మొదలు దగ్గర గీస్తోంది. నాన్నకి కనపడకుండా భుజం అడ్డం పెట్టుకుంటోంది. చేతికి చెమట, ఆకురాయి జారుతోంది. ఒక్కో మెట్టుకి పదిసార్లు బిగించి పదిసార్లు విప్పింది. అరిగిన మూడు మెట్ల రీడ్లనీ చచ్చిన పెట్టెలోంచి తీసిన వాటితో మార్చేసింది.

“అన్నయ్యకి ఎంత ఓపికో చూడు” అన్నాడు నాన్న, కళ్ళు మూసుకుని వింటూ.

శనివారం టీచరమ్మ చెప్పులు గుమ్మంలో విడిచి చాప మీద కూర్చుంది. తిత్తి లాగింది. కిందనించి పైకి, పైనించి కిందకి ఒక్కో మెట్టూ పరామర్శించింది. నాన్న ఆమె మొహం చూస్తున్నాడు. పిల్లి ఆమె వేళ్ళు చూస్తోంది. టీచరమ్మ సన్నగా గొంతు కలిపి రెండు చరణాలు పాడింది.

“ఇది పాత గొంతు కాదే” అంది.

పిల్లి ఆకురాయి అందుకుంది.

“పాతది నాకంటే ముందు నడిచేది. నేను పరిగెత్తి అందుకునేదాన్ని. ఇది పక్కనే నడుస్తోంది.” ఇంకొంచెం పాడింది. “నా వయసుకి ఇదే నయం. తీసుకెళ్తా.”

నాన్న తొడ చరిచాడు. “అదండీ మా అన్నయ్య చెవి! అంత దూరంలో కూర్చుని, ఫోనులో విని! చూశావటే పిల్లీ, ఆయన చెప్పినట్టు చేస్తే ఎలా కుదిరిందో?”

“చూశాను నాన్నా.”

టీచరమ్మ పిల్లి వేళ్ళ మీది గాట్ల వైపు ఓసారి చూసి, ఏమీ అనకుండా పెట్టె మూసుకుంది.

ఆమెని ఆటో ఎక్కించి వచ్చి నాన్న తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు. “నీదే. రేపు బోర్డు రాసేవాణ్ణి పిలుస్తా. కానీ ఒక్క మాట. ఇకనించి ఏ పెట్టయినా అన్నయ్యకి వినిపించాకే గడప దాటాలి. ఇప్పుడు రెండు వైపులా రికార్డవుతోంది కదా, ఇబ్బందేముంది?”

పిల్లి తాళాలు తీసుకుంది. నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

“ఫోను చెయ్, అన్నయ్యకి చెబుదాం.”

చేసింది. నాన్న ఐదు నిమిషాలు పొగిడాడు. “నేను చెప్పలే? చెప్పలే?” అని అవతల ఐదు నిమిషాలు మోగింది. తర్వాత నాన్న టీ తాగొస్తానని బయటికి వెళ్ళాడు. అవతల పెదనాన్న వెంటనే మాట్లాడలేదు. అది ఆయన అలవాటు కాదు.

“పిల్లీ. నేను చెప్పినట్టే చేశావా?”

“లేదు పెదనాన్నా.”

పెద్దమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు మాత్రం వచ్చింది.

“మంచిపని చేశావ్” అన్నాడు మెల్లగా. “ఇది కూడా పడుతోందా దాంట్లో?”

“లేదు. పెట్టలేదు.”

“మీ నాన్న ఇకనించి ప్రతీదీ నాకు వినిపించమంటాడు. నాకు తెలుసు వాడి సంగతి.”

“అన్నాడు కూడా.”

“అయితే వినిపించు. నేనేదో ఒకటి అంటాను. నువ్వు నీకు వినపడ్డట్టు చెయ్.”

“ఒక పని రెండుసార్లు చెయ్యాలి కదా పెదనాన్నా!” పిల్లి గొంతు మొదటిసారి పైకి లేచింది. “రికార్డింగులో నువ్వు అరుస్తుంటే నాకు ఏమీ వినపడదు!”

“సరే, సరే. గట్టిగా అరవన్లే” అన్నాడు పెదనాన్న.