చీటీ విప్పని మందు

ఆదివారం కుక్కను సంరక్షణ కేంద్రం వాళ్ళకు అప్పగించేస్తానని మా చెల్లెలు గురువారం ఉదయం తేల్చి చెప్పింది. ఆ హక్కు ఆమెకుంది, ఇల్లు ఆమెది. నేనూ నా కుక్క పిడుగూ మూడేళ్ళుగా అందులో ఉంటున్నాం. పిడుగుకు ఇప్పుడు పదకొండేళ్ళు. చెవిలో పుండుకు వాడిన యాంటీబయాటిక్ దాని కడుపును పాడుచేసింది. నెలరోజులుగా విరేచనాలు ఆగలేదు, హాల్లో తివాచీ దక్కలేదు.

పేగుల్లో మేలుచేసే సూక్ష్మజీవులు మళ్ళీ పెరగడానికని పశువైద్యురాలు ప్రోబయోటిక్ పొడి ఇచ్చింది. మూడు వారాలైనా గుణం కనిపించలేదు. ఆ మధ్యాహ్నమే నేను క్లినిక్‌కు వెళ్ళి ఖాళీ డబ్బాను ఆమె బల్ల మీద పెట్టాను.

"సుద్దపొడి అంటగట్టారా, డాక్టరమ్మా?"

"అదేం మాటండీ. దేంట్లో కలుపుతున్నారు? వేడిగా ఉన్నప్పుడా, చల్లారాకా?"

పిడుగుకు గిన్నె పెట్టేది చెల్లెలు. ఆ వేళకు నేను పుస్తకాల ముందుంటాను.

"చీటీ మీద రాసిచ్చాను కదండీ," అందామె.

ఇంటికి వచ్చేసరికి చెల్లెలు పొయ్యి దగ్గర ఉంది. గిన్నెలో మాంసం కుతకుత ఉడుకుతోంది. రెండో డబ్బాలోంచి చెంచాడు పొడి తీసి అందులో వేసి, మూతపెట్టి, గోడ గడియారం చూసింది.

"ఎంతసేపు?" అన్నాను.

"ఇరవై నిమిషాలు. డబ్బా మీద చూళ్ళేదా అక్కా? చెంచాకి రెండొందల కోట్ల బ్యాక్టీరియా అంట, అదీ బతికున్నవి. పచ్చిగా ఎలా పెడతాం?"

ముప్పై రెండేళ్ళు ఆమె ఆసుపత్రిలో ఆపరేషన్ కత్తెరలనూ కత్తులనూ ఆవిరిపట్టి శుద్ధిచేసే గదిలో పనిచేసింది. బతికున్న సూక్ష్మజీవిని బతికుండగా వదలడం ఆమె చేతులకు తెలియదు.

"ఆ బతికున్నవే మందు. మూడు వారాలుగా మందుని చంపి శవాలు పెడుతున్నావు. పైగా గుణం లేదని కుక్కని గెంటేస్తున్నావు."

"నా మీద అరవకు. డబ్బా తెచ్చి పడేసి, పొడి కలుపు అన్నావు. అంతేగా. కాలేజీలో గంటలు గంటలు చెప్పిన నోరు, నాకో ముక్క చెప్పడానికి రాలేదా? నెల్రోజులుగా ఆ కంపు ఎత్తిందెవరు, నువ్వా?"

పొడిని చంపింది వేడి. వేడి చేసింది ఆమె వృత్తి. ఆ వృత్తిని అడ్డుకోవలసిన చీటీ మడత విప్పకుండా నా చేతిసంచిలోనే ఉంది. వరస తేలినంత మాత్రాన కోపం తగ్గలేదు. సగం నా వైపు తిరిగింది, అంతే. పొయ్యి కట్టేసి, గిన్నెడూ తూములో ఒంపేశాను.

"ఆదివారం రావద్దని వాళ్ళకి చెప్పు."

"నువ్వే చెప్పుకో. రెండు వారాలు చూస్తా. గిన్నె నువ్వే పెట్టు, హాలు నువ్వే కడుగు. నన్ను మాత్రం పిలవకు."

ఫోన్ చేశాను. మిగిలిన మాంసం ఉడికించి, పూర్తిగా చల్లారాక పొడి కలిపి, మోకాళ్ళు పట్టేస్తున్నా వంగి పిడుగు ముందు పెట్టాను. గుమ్మంలో నిలబడ్డ చెల్లెలు ఆ పచ్చి పొడిని చూడలేక ముఖం తిప్పుకుంది. ఆ పది రోజుల్లో నేను హాలు ఆరుసార్లు కడిగాను, పళ్ళు కొరుక్కుంటూ.

పదకొండో రోజున పెరట్లో పిడుగు వేసిన పెంట గట్టిగా ఉంది. వద్దన్నా చెల్లెలిని పిలిచాను. ఆమె వచ్చి, వంగి, కత్తెరల అంచులు చూసే శ్రద్ధతో చాలాసేపు దాన్ని పరీక్షించింది.

"పిడుగుని ఉండనీ," అని లోపలికి వెళ్ళిపోయింది.