రొంపినేల పాతర

పట్టపగలు లాంతరు పట్టుకొని పిల్లల విహారయాత్రకు వచ్చే మనిషిని ఎవరైనా అనుమానిస్తారు. నేను కాస్త ఎక్కువ అనుమానించాను, అంతే.

నా పేరు లూదియా. చాగలమర్రి దగ్గరి ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగు, ఐదు తరగతులకు పాఠాలు చెబుతాను. పద్దెనిమిదేళ్ల సర్వీసు. హోంవర్కు పుస్తకం ఇంట్లో మరిచిపోయానన్న పిల్లను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నమ్మలేదు. నమ్మనందువల్ల నష్టపోయిందీ లేదు.

ఆళ్లగడ్డకు వెళ్లే దారిలో, కుందూ ఏటి వారన ఒక రొంపినేల ఉంది. ఎద్దు దిగితే కడుపు దాకా కూరుకుపోయే చోటు. పోయిన వేసవిలో నీళ్లు పోవడానికి కాలువ తీస్తుంటే అడుగున వరసగా పేర్చిన రాళ్లు బయటపడ్డాయి. అవి పొలం గట్లని, మూడు వేల ఏళ్ల కిందట అక్కడ సేద్యం జరిగిందని తవ్వకాల వాళ్లు తేల్చారు. పుస్తకంలో ఆదిమ రైతుల పాఠం ఎలాగూ ఉంది. పిల్లలకు కళ్లతో చూపిద్దామని నేనే పూనుకొని వ్యాను మాట్లాడాను. ఇరవై రెండు మంది పిల్లలు.

వెళ్లే రోజు పొద్దున్నే నాలుగో తరగతి మనోజ్ వాళ్లమ్మ దానమ్మ కూలికి పోతూ పోతూ బడి దగ్గర ఆగింది.

“మేడమ్, ఆడ అంతా రొంపి అంట గదా. వాన్ని ఇడిసిపెట్టొద్దు. నాకు వాడొక్కడే.”

“సాయంత్రం నాలుగింటికి తెచ్చి నీ చేతిలో పెడతా. నువ్వు పో,” అన్నాను. మాట ఇచ్చానంటే ఇచ్చినట్టే. అందుకే ఆ రోజు నా కళ్లు నాలుగు వైపులా ఉన్నాయి.

వ్యాను కదిలే ముందు రామయ్య ఎక్కి కూర్చున్నాడు. మా ఐదో తరగతి శ్రీజకు తాత. డెబ్బై దాటిన బక్కపలచని మనిషి, ఊళ్లో పాతకాపు. రెండేళ్ల కిందట ఆయన చేనులో బోరు వేస్తుంటే ఒక కుండ దొరికిందని, అందులో బంగారం ఉందని, రాత్రికి రాత్రే దాన్ని మాయం చేశాడని ఊరంతా చెప్పుకున్నారు. ఆ కుండను చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నేనూ చూడలేదు. అయినా నమ్మాను.

“ఏంది పెద్దాయనా, నువ్వు యాడికి?” అన్నాను.

“ఆ రొంపినేలకే. పనుండాది.”

“పిల్లోల్ల ట్రిప్పులో నీకేం పని?”

“నా మనవరాలు వస్తాంది గదా,” అని కిటికీ వైపు తిరిగాడు. శ్రీజ మొహం మాత్రం ఈ సంగతి తనకూ ఇప్పుడే తెలిసినట్టుంది.

ఆయన ఒళ్లో గుడ్డసంచి. అందులోంచి కిరసనాయిలు వాసన. వ్యాను గుంతలో పడినప్పుడల్లా గాజు చప్పుడు. వంగి చూస్తే లాంతరు. అదెందుకని అడిగితే “ఉండనీలే” అన్నాడు. ఊరు దాటి చాలా దూరం పోయాక ఒక్క ప్రశ్న వేశాడు.

“టీచరమ్మా, ఆడ పాతర తెరిచినారంట. నిజమేనా?”

దొరికావులే అనుకున్నాను. పాతరంటే జొన్నలు దాచుకోవడానికి నేలలో లోతుగా తవ్వే గొయ్యి. కింద గడ్డి పరిచి, నిండా జొన్నలు పోసి, మూతి మీద మన్ను కప్పేస్తారు. ఇది నేను వినడమే. సెంటు భూమి లేని ఇంట్లో పుట్టినదాన్ని, పాతర నింపుకునే భాగ్యం మాకెప్పుడూ పట్టలేదు. గొయ్యి, ముసలాయన, లాంతరు, ఈ మూడింటినీ కలిపి, పాతరలో బంగారం వెతకడానికే వస్తున్నాడని నా బుర్ర క్షణంలో లెక్క తేల్చేసింది.

దిగగానే అక్కడి కాపలా చూసే ప్రభాకర్‌ను పక్కకు పిలిచాను. తవ్వకాల వాళ్లు వానలకు పని ఆపి వెళ్లారట. వచ్చినవాళ్లకు చూపించేదీ చెప్పేదీ అతనే.

“ఆ పెద్దాయన మీద ఒక కన్నేసి ఉంచప్పా. సంచిలో లాంతరుండాది. ముందు అది తీసి లోపల పెట్టు,” అన్నాను.

ప్రభాకర్ సంచి తీసుకొని రేకుల షెడ్డులో పెట్టి తాళం వేశాడు.

“అది కావాల్సి వస్తాది నాయనా,” అన్నాడు రామయ్య. ప్రభాకర్ వినిపించుకోలేదు. నేను వినిపించుకున్నాను, అనుమానం ఇంకాస్త పెంచుకోవడానికి.

రొంపి మీద పలకలు పరిచి దారి చేశారు. రెండు అడుగులు వేశామో లేదో ప్రవళిక చెప్పు ఒకటి బురద మింగేసింది. పిల్లలు పడీపడీ నవ్వారు. గట్ల రాళ్లు చూశాం, అరిగిపోయిన తిరగలి రాయి చూశాం. అప్పట్లో యూరియా యాడ దొరికేదని సందీప్ అడిగితే పేడే వాళ్ల యూరియా అన్నాడు ప్రభాకర్. నేను మాత్రం పాఠం సగమే విన్నాను. మిగతా సగం రామయ్యనే చూస్తున్నాను. ఆయన రాళ్లను చూడడం లేదు. చివర్లో గట్టినేల మిట్ట మీద నీలం టార్పాలిన్ కప్పిన చోటునే చూస్తున్నాడు.

ప్రభాకర్ ఆ టార్పాలిన్ లాగేశాడు. మూతి ఇరుకుగా, లోపల వెడల్పుగా ఉన్న గొయ్యి. రెండు నిలువుల లోతు. లోపల వెదురు నిచ్చెన. అడుగున మాడిపోయిన గింజలు ఇంకా ఉన్నాయని చెప్పాడు.

“మూడు దినాలుగా మూసే ఉంది మేడమ్. చిన్న పిల్లోడైతే సులువుగా దిగుతాడు. నా ఫోన్ ఇస్తా, గింజలకు ఒక ఫోటో తీసుకొస్తాడు. అందరూ చూడొచ్చు.”

అందరికంటే ముందు చెయ్యెత్తింది మనోజ్. గొయ్యిలో రొంపి లేదు, నీళ్లు లేవు, నిచ్చెన గట్టిగా ఉంది. “దిగు, జాగ్రత్త” అన్నాను.

రామయ్య వచ్చి నిచ్చెనకు అడ్డంగా నిలబడ్డాడు.

“దింపొద్దు. ముందు దీపం దింపి చూడాల. దీపం ఆరిపోతే మనిషీ ఆరిపోతాడు. నా లాంతరు తెచ్చియ్యండి.”

“ఇది మీ ఊరి జొన్నల పాతర కాదు పెద్దాయనా,” అని నవ్వాడు ప్రభాకర్.

“పాతర యాడైనా పాతరే. నా చిన్నప్పుడు మా నాయన దీపం దింపకుండా జకరయ్యను దింపినాడు. మా జొన్నల కోసరం. పైకి తీసింది పీనుగను. ఈ పిల్లోని ముత్తాత ఆ జకరయ్య.”

కథ బాగానే అల్లాడు అనుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి, సరిగ్గా అలాగే అనుకున్నాను. లాంతరు చేతికి రావడానికి ఎంతకైనా తెగించేలా ఉన్నాడని, పిల్లల ఎదుట నా మాట పోతుందని ఒళ్లు మండింది.

“జరుగు పెద్దాయనా. మనోజ్, నువ్వు దిగు.”

మనోజ్ నిచ్చెన మీద కాలు పెట్టాడు. రామయ్య వాణ్ని రెక్క పట్టి వెనక్కి లాగి, పక్కన పడున్న తాడు తన నడుముకు బిగించుకున్నాడు. రెండో కొస తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“సరే. నేను దిగుతా. అడుక్కు పోయి పలికితే పిల్లోన్ని దింపు. పలక్కపోతే బేగా గుంజు.”

ఆపలేదు నేను. దిగనీ, దొంగతనం ఇప్పుడు బయటపడుతుంది అనుకున్నాను. గింజల కింద నుంచి ఏం తీసి పంచెలో దోపుకుంటాడో చూద్దామని మూతి దగ్గర వంగాను. ఆయన ఒక్కొక్క మెట్టూ దిగుతున్నాడు. తల మూతి కిందికి పోయింది. నా కళ్లు ఆయన చేతుల మీదే ఉన్నాయి. ఆ రెండు చేతులూ నిచ్చెనను వదిలేశాయి. తాడు ఒక్కసారిగా నా అరచేతులను కోసుకుంటూ జారింది.

“రామయ్యా!” అని అరిచాను. ఆయన పలకలేదు.

ప్రభాకర్, వ్యాను డ్రైవర్ జీవన్ కుమార్, నేను, ముగ్గురం కలిసి గుంజాం. ఇరుకు మూతికి భుజాలు తట్టుకున్నాయి. బయటికి తీసేసరికి పెదాలు నీలంగా మారాయి, ఊపిరి మాత్రం సన్నగా ఆడుతోంది. నూట ఎనిమిదికి ఫోన్ చేసి ఆళ్లగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్లాం. అడుగున చెడుగాలి నిండి ఉంటుందని డాక్టరు చెప్పాడు. పిల్లవాడైతే అంతసేపు కూడా ఆగేవాడు కాదన్నాడు. ఆక్సిజన్ పెట్టారు. తెలివి రాలేదు. నంద్యాలకు పంపించాలేమో చూస్తున్నామన్నారు.

నాలుగింటికి మనోజ్ వాళ్లమ్మ చేతికి చేరాడు. పిల్లలందరితో పాటు జీవన్ కుమార్ వాణ్ని ఇంట్లో దింపి వచ్చాడు. శ్రీజ మాత్రం తాతను వదిలి కదలనంది.

ఆసుపత్రి వరండాలో అప్పటికే మా ఊరివాళ్లు పోగయ్యారు.

“ఆశ అప్పా, ఆశ. లాంతరు గూడా తెచ్చుకున్యాడంట, తవ్వేకి.”

లాంతరు సంగతి ప్రభాకర్‌కు చెప్పింది నేను. ఒక్క పూటలో అది ఆళ్లగడ్డ దాకా వచ్చింది. ప్రభాకర్ నన్ను మూలకు పిలిచాడు.

“మేడమ్, వద్దంటే వినకుండా ఆయనే దిగినాడని చెబుదాం. జనం ఎట్లాగూ నిధి కోసమనే అంటాండారు. మన ఇద్దరి ఉద్యోగాలు నిలబడతాయి.”

ఆ మాట నాకు నచ్చలేదని చెబితే అబద్ధం. రెండు నిమిషాలు బాగా నచ్చింది. ఇంటి లోను, మా అబ్బాయి చదువు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. అంతలో కానిస్టేబుల్ కాగితం తీసుకొని వచ్చాడు.

“లాంతరు తీసి దాచమని ఎవరు చెప్పినారు మేడమ్?”

“నేనే చెప్పినా. పిల్లోన్ని దిగమన్నదీ నేనే. ఆయన వద్దనే చెప్పినాడు. రాసుకోండి,” అన్నాను. ప్రభాకర్ తల పట్టుకున్నాడు.

సంతకం చేసి వచ్చి శ్రీజ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఆ పిల్ల ఇంతసేపూ ఏడవలేదు. ఊరివాళ్ల మాటలే వింటోంది.

“టీచర్, మా తాత బంగారం కోసరమే దిగినాడా? అందరూ అంటాండారు.”

“కాదు శ్రీజా. మనోజ్‌ను దింపబోయింది నేను. వానికి ఏమైనా అవుతాదని మీ తాత ముందు దిగినాడు.”

శ్రీజ నా వైపు తిరిగి మొహంలోకి చూసింది. హోంవర్కు మరిచిపోయానన్న పిల్లలను నేను చూసినట్టే, నిజమేనా అని కళ్లతోనే వెతికింది. తలుపు తెరుచుకుని నర్సు పిలిచే దాకా ఆ పిల్ల నన్ను అలాగే చూస్తూ ఉంది.