స్ట్రిక్టు, స్కిప్పు, ఒక ఎనుము

2005 జూన్‌లో బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక నాలుగంతస్తుల సాఫ్ట్‌వేర్ ఆఫీసు గేటుకు కంప్యూటర్ పెట్టారు. వచ్చినవాళ్ళ పేరు, ఎవరిని కలవాలి, వెంట ఏం తెచ్చారు అన్నవి వాచ్‌మన్ టైపు చేస్తే అదంతా ఒక ఎక్స్ఎమ్ఎల్ పత్రమవుతుంది. అందులో ప్రతి వివరానికీ ముందొక తెరిచే గుర్తు, చివరొక మూసే గుర్తు ఉంటాయి. పత్రం నియమాలకు సరిపోతేనే గేటు కడ్డీ లేస్తుంది. ఆ నియమాలను స్కీమా అంటారు. దాన్ని రాసింది వరూధిని. ఒంగోలు నుంచి వచ్చి మూడేళ్ళయింది. ఆమె పనిలో తప్పు దొరకదని ఆఫీసులో పేరు.

"వెంట తెచ్చినవి" అన్నచోట ఆమె ఖాళీ వదిలింది. అక్కడ ఏదైనా రావచ్చు. కాకపోతే ఆ ఖాళీని ఎంత గట్టిగా పరీక్షించాలో ఒక మాటలో చెప్పాలి. ఆమె "స్ట్రిక్ట్" అని పెట్టింది. ఏదైనా రావచ్చు గానీ, వచ్చినదాని వివరం ముందే ఎక్కడో రాసిపెట్టి ఉండాలని దాని అర్థం. ల్యాప్‌టాప్, ఫోను, సంచి, హెల్మెట్, ఈ నాలుగింటికీ వివరాలు రాసిపెట్టింది. మనుషులు ఇంతకుమించి ఏం తెస్తారులే అనుకుంది.

మొదటిరోజే వాన పడింది. గొడుగుల సంగతి ఎక్కడా రాసి లేదు. అరవైమంది గేటు బయట గొడుగులు కుప్పపోసి తడుస్తూ లోపలికి పరిగెత్తారు. ఆ మర్నాడు టిఫిన్ డబ్బాలు ఆగిపోయాయి. మూడోరోజు హెచ్ఆర్‌లో పనిచేసే అంబిక వచ్చింది. ఆమెకు ఏడో నెల.

వాచ్‌మన్ మునినారాయణప్పది మాలూరు దగ్గర పల్లె. పీణ్య ఫ్యాక్టరీల్లో ఇరవయ్యేళ్ళు కాపలా కాశాడు. చూసింది చూసినట్టు రాసే మనిషి.

"మీ వెంట ఏముండాదమ్మా?"

"ఏం లేదప్పా, ఒట్టి చేతులే."

"అట్లంటే ఎట్లమ్మా? లోపల బిడ్డ ఉండాడు కదా."

టైపు చేశాడు. బిడ్డ ఎవరో కంప్యూటర్‌కు తెలియలేదు. కడ్డీ లేవలేదు. అంబిక అరగంట ఎండలో నిలబడి, ఏడుస్తూ మేనేజర్ శశిధర్‌కు ఫోన్ చేసింది. అతను వరూధినిని వెంటబెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఫైవ్ మినిట్స్ సర్, బిడ్డని డిక్లేర్ చేసేస్తా," అంది వరూధిని. "మాగ్జిమమ్ ఒకటి అని పెడతా."

"కవలలైతే?"

వరూధిని నిజంగానే ఆలోచించింది. "అయితే లిమిట్ తీసేస్తా."

"వరూధినీ, అసలేమీ చూడొద్దు. స్కిప్ పెట్టు!"

స్కిప్ అంటే ఆ ఖాళీలో ఏమున్నా కంప్యూటర్ పట్టించుకోదు. తెరిచిన గుర్తుకు మూసే గుర్తు ఉంటే చాలు. గొడుగులు, డబ్బాలు, అంబిక, అంబిక బిడ్డ అందరూ సుఖంగా లోపలికి వెళ్ళారు. వారం తర్వాత వెంకటరాయప్ప అనే రైతు తన ఎనుమును, అంటే గేదెను, తోలుకొచ్చాడు. ఆఫీసు కట్టకముందు అది మేసిన జాగా అదే.

"ఎవర్ని చూడల్ల?" అన్నాడు మునినారాయణప్ప.

"గడ్డిని."

మునినారాయణప్ప ఎనుము అని టైపు చేసి, మూసే గుర్తు మరిచాడు. అప్పటికే ఎనుము కడ్డీకి కొమ్ములు ఆనించి నిలబడింది. వెనక పదకొండు బండ్లు హారన్లు కొట్టాయి. గుర్తు పెట్టగానే కడ్డీ లేచింది. ఎనుము లాన్ అంతా మేసి, అద్దాల తలుపులు దాటి, కొత్తగా చేరినవాళ్ళకు క్లాసు జరుగుతున్న గదిలో పడుకుంది. క్లాసు నాలుగింటివరకు ఉందని కాగితంలో ఉంది కాబట్టి నాలుగింటివరకు జరిగింది.

"దాన్నెందుకు రానిచ్చారు?" అంది వరూధిని ఏడుపు గొంతుతో.

"మిషన్ ఊ అనె తల్లీ. వద్దనేదానికి నేనెవర్ని?"

ఆ సాయంత్రం ఆమె మూడో మాట పెట్టింది: లాక్స్. తెలిసిన వస్తువైతే గట్టిగా పరీక్షించు, తెలియనిదైతే వదిలెయ్. ఇక ఏ ఇబ్బందీ రాదని ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయింది.

మర్నాడు ఉదయం కంపెనీ యజమాని జ్ఞానప్రకాశం గేటు దగ్గర ఆగిపోయాడు. అతని ల్యాప్‌టాప్ మీది నంబరు చెరిగిపోయింది. నంబరు లేని ల్యాప్‌టాప్ చెల్లదని స్కీమాలో స్పష్టంగా ఉంది. అతను చూస్తుండగానే పక్కనుంచి ఎనుము వచ్చింది. కడ్డీ లేచింది.

"నేను ఈ కంపెనీ ఓనర్‌నయ్యా!"

"తెలుసు సార్. మీ ల్యాప్‌టాప్ మిషన్‌కీ తెలుసు. అదే వచ్చింది కష్టం. ఎనుము ఏందో దానికి తెలీదు. తెలియనోళ్ళను ఏమని అడుగుతాది?"

జ్ఞానప్రకాశం లెక్కల్లో గోల్డ్ మెడల్ తెచ్చుకున్నవాడు. కాసేపు ఆలోచించి, వెంకటరాయప్పను పిలిచి ఎనుమును వెనక్కి తెప్పించాడు. ల్యాప్‌టాప్ సంచిని దాని మెడకు తగిలించాడు. "ఇప్పుడు రాయి. ఒక ఎనుము, అంతే."

మునినారాయణప్ప కళ్ళు చికిలించి చూశాడు. ఎనుము అని రాశాడు. దాని లోపల ల్యాప్‌టాప్ అని రాశాడు. ఎనుమును మూశాడు. కడ్డీ లేవలేదు.

వరూధిని మెట్లు దిగి వచ్చేసరికి యజమాని, ఎనుము పక్కపక్కనే ఎండలో నిలబడి ఉన్నారు.

"లాక్స్ అంటే పూర్తిగా వదిలేయడం కాదు సర్," అంది సన్నగా. "తెలియనిదాని లోపల తెలిసినది ఉంటే, దాన్ని మళ్ళీ చెక్ చేస్తుంది."

"రూల్ కరెక్టేనా?"

"పర్ఫెక్ట్‌గా ఉంది సర్."

ఎనుము జ్ఞానప్రకాశం టై నమలడం మొదలుపెట్టింది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి వరూధినికి తన పని మీద అనుమానం వచ్చింది. మునినారాయణప్ప వైపు తిరిగింది.

"ఈ మిషన్ లేకపోతే మీరేం చేసేవారు?"

"ఏముంది తల్లీ? బిడ్డ సంగతి అడిగేవాణ్ణి కాదు. సారుకు సలాం కొట్టి గేటు తీసేవాణ్ణి. ఎనుముకు మాత్రం, ఆఫీసు లేని దినం రాప్పా అని చెప్పేవాణ్ణి."

వారంలోగా మునినారాయణప్ప బల్ల మీద ఒక ఎర్ర బటన్ వచ్చింది. కంప్యూటర్ ఏమన్నా సరే, బటన్ నొక్కితే కడ్డీ లేస్తుంది, మళ్ళీ నొక్కితే దిగుతుంది. వెంకటరాయప్పను పిలిచి, ఆదివారాలు ఎనుము లాన్‌లో మేయవచ్చని ఒప్పందం చేసుకున్నారు.

"సరేనప్పా," అన్నాడు వెంకటరాయప్ప. "కానీ ఏ దినం ఆదివారమో ఎనుముకు ఎట్ల తెలిసేది?"

అందరూ వరూధిని వైపు చూశారు.

"దాని గురించి నేనేమీ రాయను," అందామె.