పెళ్లి తాబేలు

పటుక్కుమంది.

బూడిదరంగు రాతి మీద గుడ్డు పగిలింది. పచ్చసొన ఎండకు మెరుస్తూ వాలు వెంట జారింది... తాబేలు వెనక్కి తిరిగింది. మెడ చాచింది. ముందు పెంకు కొరికింది, తర్వాత సొన నాకింది.

తన గుడ్డే.

తనే పెట్టింది. తనే తింటోంది.

జెర్మేన్ దొడ్డిగోడ మీద మోచేతులు ఆన్చి చూస్తోంది. ఆమెకు అసహ్యం వేయలేదు. భేష్ అనిపించింది.

లదీగ్ దీవిలో ఆడపిల్ల పుడితే ఇంటికి ఒక తాబేలు పిల్ల కూడా వస్తుంది. ఆ ఆడపిల్లతో పాటే పెరుగుతుంది. ఆమె పెళ్లినాడు కూర అవుతుంది. పెళ్లి విందులో తాబేలు లేదంటే, ఈ పిల్ల పుట్టినప్పుడు ఇంట్లో ఎవరూ సంతోషించలేదన్నమాట. అంత మాట పడడానికి ఏ తల్లీ ఒప్పుకోదు.

జెర్మేన్ ఈడు అమ్మాయిలు ఇరవై నిండకుండానే చర్చి మెట్లెక్కారు. వాళ్ల తాబేళ్లు లేతగా ఉండగానే బానల్లోకి వెళ్లాయి. జెర్మేన్ ఎక్కలేదు. ఒకడి నవ్వు నచ్చలేదంది. ఇంకొకడికి తన నవ్వు నచ్చలేదంది. కొబ్బరి ఎండబెట్టే కొట్టంలో పని చేసుకుంటూ ముప్పై దాకా వచ్చింది.

ఆమె ఆగింది.

ఆమె ఆగింది గనుక తాబేలూ ఆగింది. ఈడేరింది. ఊళ్లో ఏ పెళ్లి తాబేలూ అంతకాలం బతికిన గుర్తు ఎవరికీ లేదు.

"నీకంటే అదే నయం. గుడ్లన్నా పెట్టింది!" అంది తల్లి సిల్వీ.

"తిన్నది కూడా అదేగా అమ్మా."

"అందుకే చెప్తున్నా. కన్నవాటిని తినేదాని మీద జాలేంటే నీకు?"

జెర్మేన్ ఇప్పుడు పెళ్లికి ఒప్పుకుంది. పడవలు కట్టే ఎవరిస్త్‌ను తనంతట తానే ఇష్టపడింది. అతని చేతుల కలప వాసన ఆమెకు ఇష్టం. పెళ్లి కావాలి — తాబేలు చావకూడదు. ఈ రెండూ ఒక్క ఇంట్లో ఇమడవని అందరూ అన్నారు.

తన గుడ్లు తానే తింటుంటే అందరూ తాబేలుకు పిచ్చి అన్నారు. జెర్మేన్ మాత్రం గుడ్లు పెట్టకముందు జరిగింది చూసింది.

తాబేలు వెనక కాళ్లతో ఒక మూల గీకింది. రాయి తగిలింది.

ఇంకో మూల గీకింది. రాయి.

గోళ్లు అరిగి నెత్తురు కారేదాకా గీకింది... అంతా రాయే. చివరికి నిలబడినచోటే గుడ్లు జారవిడిచింది. వెనక్కి తిరిగి ఒక్కొక్కటే తినేసింది.

ఆ దొడ్డిని తాత రాతిబండ మీద కట్టాడు. తాబేలు తవ్వుకుని పారిపోకూడదని, కదలకుండా కొవ్వు పట్టాలని కట్టాడు. దీవిలో అందరూ అలాగే కడతారు. మట్టి గురించి ఎవరికీ తోచలేదు. విందుకు పెంచేదానికి పురిటిగది ఎవరు కడతారు?

నేల ఇవ్వలేదు మీరు — అనుకుంది జెర్మేన్. నేల ఇవ్వని చోట అది మీకు పిల్లల్ని ఇవ్వదు.

పెళ్లికి ముందురోజు మగవాళ్లు వచ్చారు. బ్రెడ్‌ఫ్రూట్ చెట్టు కింద వంటకు గాడిపొయ్యి తవ్వారు. నల్లటి మెత్తటి మట్టి గుట్టగా పడింది. మేనమామ గుస్తావ్ గొడ్డలి నూరుతున్నాడు.

జెర్మేన్ దొడ్డిగోడ రాయి ఒకటి తోసింది. ఇంకొకటి తోసింది. గోడ కూలింది.

తాబేలు బయటికి వచ్చింది. నెమ్మదిగా... దాని నడక అది నడిచింది. తిన్నగా గాడిపొయ్యి వైపే.

"ఓరి దీని తెలివి! బానలోకి తనే నడిచొస్తోందిరోయ్!" అన్నాడు గుస్తావ్. మగవాళ్లంతా పగలబడి నవ్వారు.

తాబేలు గాడి అంచు దగ్గర ఆగింది. వాళ్లకు వీపు తిప్పింది. వెనక కాలు మట్టిలో దించింది.

మట్టి లేచింది.

మళ్లీ దించింది. మళ్లీ లేచింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

గుడ్డు పడింది. చప్పుడు లేదు. ఇంకొకటి పడింది... తాబేలు ఈసారి వెనక్కి తిరగలేదు. ఒక్కటీ తినలేదు. కాళ్లతో మట్టి లాగి కప్పడం మొదలుపెట్టింది.

గుస్తావ్ గొడ్డలి పట్టుకుని లేచాడు. జెర్మేన్ అడ్డం నిలబడింది.

"తప్పుకోవే. పొద్దుగూకేలోపు కూర పొయ్యెక్కాలి."

"ఇక్కడ నిప్పు రాజెయ్యద్దు మావయ్యా. కింద గుడ్లున్నాయి."

"రేపు ఊరంతా ఏమంటారే?" ఇంట్లోంచి వచ్చిన సిల్వీ కూతురి చెయ్యి పట్టుకుంది. "నువ్వు పుట్టినప్పుడు నేను ఏడ్చానంటారే... నేను ఏడవలేదే జెర్మేన్!"

ఆ మాట జెర్మేన్‌కు గుచ్చుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా కదల్లేదు.

"ఏడవలేదని నాకు తెలుసమ్మా. ఊరికి తెలియకపోతే ఊరి ఖర్మ."

అప్పుడే ఎవరిస్త్ వచ్చాడు, పెద్ద ఇనప బానను రెండు చేతులతో మోస్తూ. గోడ రాళ్లు చూశాడు. గొడ్డలి చూశాడు. మట్టి కప్పుతున్న తాబేలును చూశాడు.

"ఎవరిస్త్, నువ్వంటే నాకిష్టం. కానీ ఆ బాన ఇక్కడ దించావంటే రేపు చర్చికి నువ్వొక్కడివే పోవాలి."

అతను దించలేదు. వెనక్కీ తిరగలేదు.

తాబేలు ఇంకా మట్టి కప్పుతూనే ఉంది.

బరువుకు అతని చేతులు వణుకుతున్నాయి. జెర్మేన్ చేతులు వణకడం లేదు.