సున్నా బేరం

నాంపల్లిలోని మా రీడింగ్ రూమ్‌కి ట్రస్టు వాళ్లు సుశాంత్ అనే అతన్ని పంపారు. మెడలో కార్డు, చేతిలో ట్యాబ్. ఈ గదికి జనం కట్టే విలువ దాని ఖర్చు కన్నా తక్కువని తేలితే, కింద ఉన్న చెప్పుల షాపుకే ఇదీ కిరాయికి ఇచ్చేస్తారట. ఆ సంగతి పాఠకులకు ముందే చెప్పొద్దని లైబ్రేరియన్‌నైన నాకు ఆర్డరు. అతని నవ్వు చూస్తేనే నాకు నమ్మకం కలగలేదు.

"మేడమ్, మీరు జర బయట కూసోండ్రి. మీ ముంగట నిజం చెప్పరు," అన్నాడు. నా మీదే అనుమానం! ఒళ్లు మండింది. అయినా వెళ్లి వరండాలో కూర్చున్నాను.

లోపల అందరినీ ఒకటే అడిగాడు. "ఈ రూమ్ ఉండాలంటే నెలకు ఎంతిస్తరు?"

మొదట అడిగింది మా పాత పాఠకుడు లక్ష్మణరావు గారిని. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆయన పుస్తకం కొనే తీరు చూసి తీరాలి. మనసుపడ్డ పుస్తకాన్నే మొహం చిట్లించి కింద పెట్టేసి, నాలుగడుగులు వేస్తారు. వెనక నుంచి అమ్మేవాడు పిలిచేదాకా తిరిగి చూడరు. సగం ధరకి తెచ్చి నాకు చూపించి మురిసిపోతారు.

టీ టైముకి ఆయన నా పక్కకొచ్చి గొంతు తగ్గించారు. "కృపమ్మా, వీళ్లు ఫీజు పెట్టబోతున్నారు. నేను పసిగట్టేశాను. ఈ పాత కాగితాలకి పైసా ఇవ్వనన్నాను. అందరిచేతా అదే చెప్పించాను."

టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆర్డరు గీర్డరు మర్చిపోయాను. "ఏంది సార్, గట్లా చెప్పిన్రు! అది ఫీజు కాదు, మనం గీ రూముకు కట్టే విలువ. సున్నా వస్తే రూమే ఉండదు!"

రోజూ నేను తాళం తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉండే మనిషి. మొహం పాలిపోయింది. గబగబా లోపలికెళ్లారు.

"బాబూ, నాది మార్చి రాసుకో. నెలకి వెయ్యి."

సుశాంత్ ఆయన్ని చూసి, గుమ్మంలో నిలబడ్డ నన్ను చూశాడు. "పొద్దుగాల సున్నా, గిప్పుడు వెయ్యా? మేడమే చెప్పిచ్చిన్రు కదా?"

"కాదు బాబూ! పొద్దున చెప్పింది బేరం. ఇది నిజం."

"సున్నానే ఉంచుతున్న సార్." ట్యాబ్ మూసి మెట్లు దిగిపోయాడు.

లక్ష్మణరావు గారు కిటికీ ఊచలు పట్టుకున్నారు. "పదిహేను వందలు!" అని అరిచారు. "బాబూ, రెండు వేలు!"

అబిడ్స్ వైపు నడిచిపోతున్న సుశాంత్ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.